అమ్మ ముఖం కనబడకపోతే కెమెరా చెడిపోయినట్టేనా?

దూరదేశంలో ఉన్న బిడ్డ దగ్గర నుండి ఉత్తరం వస్తుందేమోనని తపాలా బంట్రోతు దారి చూసిన తల్లులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఇప్పుడు వారు ఉత్తరం కోసం చూడటం లేదు. ఆదివారం ఆరాధన ముగిసి, అన్నాలు తిని, మనుమడు తెచ్చిపెట్టిన లాప్‌టాప్ ముందు తలదువ్వుకొని కూర్చుంటున్నారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కూతురు, ఇంగ్లాండులో నర్సుగా ఉన్న కోడలు, అమెరికాలో చదువుతున్న మనుమడు ఆ తెరమీద కనబడే వేళ అది.

తీరా ఆ వేళ వచ్చేసరికి ఏమవుతుంది?

"అమ్మా, నువ్వు కనబడటం లేదే!"

"నాకు నువ్వు బాగా కనబడుతున్నావురా అబ్బాయి. చిక్కిపోయావు."

"నీ మాట వస్తోంది గాని, ఇక్కడ అంతా నల్లగా ఉందమ్మా."

పదిహేను నిమిషాలు ఇట్లాగే గడిచిపోతాయి. అక్కడ వాడికి డ్యూటీ వేళ అవుతుంది. ఇక్కడ ఎవరో ఒకరు, "కెమెరా కాలిపోయింది, చీరాల తీసుకుపోవాలి" అని తీర్పు చెబుతారు. వాడరేవులోనూ, లోపల మిరప, పత్తి పండించే గ్రామాలలోనూ ఇట్టి సందర్భాలు మేము పలుమార్లు చూశాము. చూసిన మీదట మాకు తోచినది ఇది: పోయిందనుకున్న కెమెరాలలో చాలావాటికి రోగమేమీ లేదు. అవి మూసి ఉన్నాయి, అంతే. కొన్ని పైన మూతతోనూ, కొన్ని లోపల అనుమతి లేకనూ మూసి ఉంటాయి. ఏది ఎక్కడ మూసి ఉందో ఇంటివారే ముందురోజు సాయంకాలం పది నిమిషాలలో చూసుకోవచ్చును. మన తల్లులు కూడా నేర్చుకోదగినంత తేలిక పని గనుక ఈ నెల దీనినే వివరముగా వ్రాస్తున్నాము.

ఇది వేడుక కోసం చెప్పే మాట కాదు. ఈ దినాలలో ఉద్యోగపు ఇంటర్వ్యూలు, కొన్ని పరీక్షలు కంప్యూటర్ కెమెరా ముందే జరుగుతున్నాయి. ఆ గంటకు ముఖం కనబడని పిల్లవాని చదువు ఎంతటిదైనా, అవతలివారు వేరొకరిని పిలుచుకుంటారు. ఈ-సంజీవని ఏర్పాటు 2019లో మొదలైన నాటి నుండి గ్రామ ఆరోగ్య కేంద్రంలో కూర్చుని, దూరాన ఉన్న వైద్యునికి తెరమీద కనబడే అవకాశం వచ్చింది. 2020లో కరోనా వలన మందిరాలు మూతపడిన నెలలలో ఎన్నో కుటుంబాలు కాపరిగారిని, తోటి విశ్వాసులను చూసుకున్నది ఈ చిన్న కంటి ద్వారానే.

సముద్రం ఒడ్డున ఉండేవారికి మరొక సంగతి కూడా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, దూరాన ఉన్నవారికి తమవారు బ్రతికి ఉన్నారో లేదో తెలియడానికి దినాలు పట్టింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అట్టి రాత్రి గడిచి కరెంటు, సిగ్నలు తిరిగి వచ్చిన వెంటనే పరదేశంలో ఉన్న బిడ్డ అడిగే మొదటి మాట, "అమ్మను ఒక్కసారి చూపించండి" అనే గదా. "బాగానే ఉంది" అని ఎవరు చెప్పినా ఆ బిడ్డ మనసు ఒప్పదు.

ఈ కంటి పుట్టుక ఒక కాఫీ కుండ దగ్గర జరిగిందంటే నమ్మశక్యం కాదు గాని అది నిజం. 1991లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారు కాఫీ కోసం మెట్లెక్కి దిగి, కుండ ఖాళీగా ఉండటం చూసి విసిగిపోయారు. కుండకు ఎదురుగా ఒక కెమెరా పెట్టి, ఆ బొమ్మ తమ కంప్యూటర్ల మీద కనబడేటట్టు చేసుకున్నారు. 1993లో దానిని ఇంటర్నెట్‌లో లోకమంతటికీ చూపించారు. 2001 ఆగస్టు 22న ఆ కెమెరాను ఆపివేశారు. అడ్డం 128 చుక్కలు, నిలువు 128 చుక్కలు, అదీ నలుపు తెలుపు బొమ్మ. ఈనాటి సామాన్యమైన లాప్‌టాప్ కెమెరా కూడా అడ్డం 1280, నిలువు 720 చుక్కలతో రంగుల బొమ్మ ఇస్తున్నది. 1998లో సోనీ కంపెనీ ఒక చిన్న లాప్‌టాప్ మూతలోనే కెమెరాను అమర్చి అమ్మింది. ఆ తరువాత అది తలుపుకు గడియ ఉన్నట్టు ప్రతి లాప్‌టాప్‌కూ ఉండవలసిన వస్తువు అయిపోయింది.

ఇక పనిలోనికి వద్దాము. మొదట ఎవరి వైపు తప్పు ఉన్నదో తెలుసుకోవాలి. పైన తల్లీకొడుకుల మాటలు మరల చదవండి. ఆమెకు కొడుకు కనబడుతున్నాడు, కొడుకుకు ఆమె కనబడటం లేదు, మాట మాత్రం పోతున్నది. అంటే నెట్ ఉన్నది, మైకు ఉన్నది. ఇక చూడవలసినది ఈ ఇంటి కెమెరానే. అలాగాక ఇద్దరికీ ఇద్దరూ కనబడక, మాట తెగితెగి వస్తుంటే కెమెరాను నిందించకండి, అది సిగ్నలు సంగతి. ఇద్దరికీ బొమ్మ కనబడి మాట వినబడకపోతే అది మైకు గొడవ, దానికీ కెమెరాకూ సంబంధం లేదు.

పరీక్ష ఎప్పుడు చేసినా నెట్ లేకుండా చేయండి. ఇది ముఖ్యం. నెట్ పెట్టుకొని, ఎవరికో ఫోను కలిపి, వారు ఎత్తక, ఎత్తితే బొమ్మ రాక, తప్పు ఎక్కడున్నదో తెలియక సతమతమయ్యే బదులు, మన కెమెరాను మన తెరమీద మనమే చూసుకోవచ్చును. అద్దంలో ముఖం చూసుకోవడానికి పొరుగింటివారు ఎందుకు?

లాప్‌టాప్ మూత తెరిచి పై అంచు మధ్యలో చూడండి. మిరియపు గింజంత నల్లని గాజు చుక్క ఉంటుంది, అదే కన్ను. దాని పక్కన ఇంకా చిన్న దీపం ఉంటుంది, కెమెరా పనిచేసేటప్పుడు వెలుగుతుంది. ఇప్పుడు వచ్చే అనేక లాప్‌టాప్‌లలో ఆ కంటి మీద గోరుతో జరిపే సన్నని మూత ఒకటి ఉన్నది. జరిపి చూడండి. మూత వేసి ఉంటే కొన్నింటిలో ఎర్రని లేక నారింజరంగు చుక్క కనబడుతుంది. పిల్లవాడు ఏనాడో అంటించిన స్టిక్కరు, కొన్ననాటి ప్లాస్టిక్ పొర కూడా తెరను నల్లగా చేస్తాయి. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లకు పక్క అంచున చిన్న స్విచ్ ఉంటుంది. కొన్నింటికి కీబోర్డు మీద, పై వరుసలో, కెమెరా బొమ్మకు అడ్డగీత గీసిన మీట ఒకటి ఉంటుంది. పసిపిల్లలు ఆడుకునేటప్పుడు అది నొక్కుకుపోవడం కద్దు. దానిని ఒకసారి నొక్కండి. మార్పు రాకపోతే, ఎడమవైపు కింద ఎఫ్.ఎన్. అని వ్రాసి ఉన్న మీటను పట్టుకొని మరల నొక్కండి.

బొమ్మ నల్లగా గాక మంచు పట్టినట్టు మసకగా వస్తుంటే అది మురికి. మన ప్రాంతంలో దీనికి కారణాలకు కొదువ లేదు. వాడరేవులో ఉప్పుగాలి సన్నని పొరగా గాజు మీద పేరుకుంటుంది. మెట్ట గ్రామాలలో కల్లాలలో మిరపకాయలు ఆరబోసిన రోజుల దుమ్ము, పత్తి తీతల నాటి నూగు ఉండనే ఉన్నవి. కళ్లజోడు తుడిచే మెత్తని గుడ్డతో, పొడిగా, మెల్లగా తుడవండి. నీళ్లు చల్లవద్దు. కొంగుతో తుడిచే అలవాటున్న తల్లులు, ఆ కొంగుకు కారం అంటి ఉన్నదేమో ఒక్కసారి చూసుకోవాలి. ఇది నవ్వులకు చెప్పిన మాట కాదు.

కన్ను తెరిచి, శుభ్రం చేసిన తరువాత కంప్యూటర్‌ను అడగాలి. విండోస్ ఉన్న లాప్‌టాప్‌లో స్టార్ట్ మీట నొక్కి, కెమెరా అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయండి. ఆ పేరుగల చిన్న ప్రోగ్రాము కనబడుతుంది, తెరవండి. పక్కన దీపం వెలిగి, తెరమీద మీ ముఖం వచ్చిందా? అయితే మీ కెమెరా బ్రతికే ఉన్నది. చీరాల ప్రయాణం మానుకోండి. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారు ఫోటో బూత్ అనే ప్రోగ్రాము తెరిచి ఇదే పరీక్ష చేయవచ్చును.

ముఖం రాకుండా ఏదో ఇంగ్లీషు వాక్యము, దాని కింద పొడవైన అంకెల వరుస వస్తే భయపడి మూసివేయకండి. ఆ వరుసను కాగితం మీద వ్రాసుకోండి. 4243 అని ఉంటే కెమెరాను వేరొక ప్రోగ్రాము పట్టుకొని ఉన్నదని అర్థం. పాతకాలంలో ఊరికి ఒక్క టెలిఫోను ఉండి, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగవలసి వచ్చినట్టు, ఈ కెమెరా కూడా సాధారణముగా ఒకేసారి ఒక్కరికే వశమవుతుంది. ఉదయం చదువు కోసం పిల్లవాడు తెరిచిన జూమ్ వెనకాల ఇంకా నడుస్తూ ఉండవచ్చు. అన్నీ మూసి చూడండి, లేదా కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మరల వేయండి. మూత దించితే ఆపినట్టు కాదు, అప్పుడు అది నిద్రపోతుంది, అంతే. రీస్టార్ట్ అనేదే నొక్కాలి.

4244 అని ఉంటే కెమెరా దొరకడం లేదని కంప్యూటర్ చెబుతున్నది. దొరకకపోవడానికి కారణాలు పెక్కు. మూత మీట, స్విచ్ మరల చూసుకున్న తరువాత, స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ అనేది తెరవండి. అది కంప్యూటర్‌లోని అవయవాల జాబితా అనుకోండి. అందులో కెమెరాస్ అనే వరుస, పాతవాటిలో ఇమేజింగ్ డివైసెస్ అనే వరుస ఉంటుంది. దానిని విప్పితే మీ కెమెరా పేరు కనబడాలి. పేరు పక్కన కిందికి దిగే బాణం గుర్తు ఉంటే ఎవరో దానిని ఆపి ఉంచారన్న మాట. కుడి మీట నొక్కి ఎనేబుల్ డివైస్ అనండి. పసుపు త్రికోణం ఉంటే దానిని నడిపే డ్రైవరు అనే లోపలి ప్రోగ్రాము దెబ్బతిన్నది. కుడి మీటతో అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. తీసివేశామే అని కంగారు అక్కరలేదు, తిరిగి లేచేటప్పుడు విండోస్ సామాన్యముగా దానిని తానే వెదకి పెట్టుకుంటుంది.

జాబితాలో పేరు చక్కగా ఉన్నది, అయినా బొమ్మ రాదు. ఇట్టి చిక్కులో ఎక్కువమంది ఆగిపోవడం మేము చూశాము. ఇది అనుమతి సంగతి. సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అనే చోటికి వెళ్లి, అందులో కెమెరా అనే మాట నొక్కండి. అక్కడ మూడు చోట్ల చూడాలి. పైన ఉన్నది ఇల్లంతటికీ మెయిన్ స్విచ్ వంటిది. దాని కింద ఒక్కొక్క ప్రోగ్రాముకు ఒక్కొక్క స్విచ్ ఉంటుంది. ఇంకా అడుగున డెస్క్‌టాప్ యాప్స్ అని వేరే ఒకటి ఉంటుంది, చాలామంది అంతవరకు దిగరు. జూమ్ వంటివి కొన్ని ఆ అడుగు స్విచ్ కిందికే వస్తాయి. మెయిన్ వేసి గదిలో స్విచ్ వేయకపోతే బల్బు వెలగదు గదా, ఇదీ అంతే.

క్రోమ్ వంటి బ్రౌజరులో నుండి మాట్లాడేవారికి ఇంకొక వాకిలి ఉన్నది. మొదటిసారి, కెమెరా వాడుకోనిమ్మంటారా అని అది అడిగినప్పుడు తొందరలో బ్లాక్ అని నొక్కితే, ఆ మాట జ్ఞాపకం పెట్టుకొని తరువాత అడగను కూడా అడగదు. పైన చిరునామా పక్కనున్న చిన్న గుర్తు నొక్కి, కెమెరా ఎదుట అలౌ అని మార్చండి.

ఇదంతా సరిగానే ఉండి, మీ ముఖం మీకు కనబడుతూ, ఆ ఒక్క కాల్ మాత్రమే కలవకపోతే కెమెరాను విడిచిపెట్టి ఇతర కారణాలు వెదకండి. పాత లాప్‌టాప్‌లో స్కైప్ గుర్తు ఇంకా కనబడుతుంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ సేవను మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 మే నెలలో నిలిపివేసింది. దుబాయి, అబుదాబిలలో బిడ్డలున్నవారు ఒక సంగతి గమనించాలి. ఆ దేశంలో వాట్సాప్ వీడియో కాల్స్‌పై చాలా సంవత్సరాలుగా ఆంక్షలున్నాయి. అక్కడి ప్రభుత్వం అనుమతించిన యాప్ ఏదో బిడ్డనే అడిగి, అదే మన దగ్గరా పెట్టుకోవాలి. లేనిపక్షంలో ఎంత మంచి కెమెరా కొన్నా ఉపయోగం ఉండదు.

కెమెరా పనిచేస్తున్నదని తెలిసిన తరువాత ఒక భయం పుడుతుంది, మన ఆడపిల్లలున్న ఇళ్లలో పుట్టవలసిన భయమే. మనం చూడనప్పుడు అది మనలను చూస్తున్నదా? ఆ పక్కనున్న దీపం అందుకే పెట్టారు. మీరు ఎవరితోనూ మాట్లాడకుండానే దీపం వెలుగుతూ ఉంటే ఏదో ప్రోగ్రాము కెమెరాను వాడుతున్నదన్న మాట. సెట్టింగ్స్‌లో అదే కెమెరా పేజీలో ఏ ప్రోగ్రాము ఎప్పుడు వాడుకున్నదో వ్రాసి ఉంటుంది, చూడండి. దీపం ఒక్కదానినే పూర్తిగా నమ్మడం కూడా తగదు. 2008కి ముందు తయారైన కొన్ని ఆపిల్ లాప్‌టాప్‌లలో దీపం వెలగకుండానే కెమెరాను నడపవచ్చునని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు 2013లో చేసి చూపించారు. ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ లాప్‌టాప్ కెమెరాకు టేపు అంటించి ఉండటం 2016లో ఒక ఫోటోలో బయటపడింది. అంతటివాడు టేపు వేసుకోగా మనం వేసుకుంటే తప్పేమిటి? పని లేనప్పుడు మూత జరపండి. మూత లేనిదానికి పల్చని కాగితపు ముక్క చాలును. దళసరి ప్లాస్టిక్ మూత అంటించి లాప్‌టాప్ మూసివేస్తే తెర పగిలే ప్రమాదం ఉన్నదని ఆపిల్ కంపెనీ 2020లో హెచ్చరించింది.

దొంగలు కంప్యూటర్‌లో దూరనక్కరలేకుండా మన చేతనే కెమెరా తెరిపించే మోసము ఒకటి ఈమధ్య బాగా పెరిగింది. పోలీసు దుస్తులలో ఒకడు వీడియో కాల్‌లో కనబడి, మీ బిడ్డ పేరున మత్తుమందుల పార్సెలు దొరికింది, మిమ్మును డిజిటల్ అరెస్టు చేశాము, కెమెరా ఆపకుండా దాని ఎదుటే కూర్చోండి అని గద్దిస్తాడు. బిడ్డ పరదేశంలో ఉన్న తల్లికి ఆ మాట వింటే కాళ్లూ చేతులూ ఆడవు. అట్టివారి నుండే వారు డబ్బు లాగుతారు. మన దేశపు చట్టములో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ మాటనే దేశమంతటికీ చెప్పారు. ఏ పోలీసూ, ఏ జడ్జీ మిమ్మును కెమెరా ముందు కూర్చోబెట్టి డబ్బు పంపమనరు. కెమెరా మూత వేసి, కాల్ తెంచి, ఇంటిలో మరొకరిని పిలవండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఈ నంబరును లాప్‌టాప్ మూత మీదే ఒక కాగితంపై వ్రాసి అంటించుకుంటే మంచిది.

పైన చెప్పినవన్నీ చేసినా డివైస్ మేనేజర్‌లో కెమెరా పేరే కనబడకపోతే, అప్పుడు నిజముగా లోపల చెడి ఉండవచ్చును. కెమెరా నుండి వచ్చే సన్నని తీగ మూత బందు గుండా కిందికి దిగుతుంది. రోజూ తీసి వేయడంలో అది నలుగుతుంది, కొన్నిసార్లు చివర ఊడుతుంది. మన తీరంలో ఉప్పుగాలికి ఆ అతుకుల దగ్గర చిలుము పట్టడం కూడా ఉన్నది. మూతను కొద్దిగా ముందుకూ వెనుకకూ కదిపినప్పుడు బొమ్మ వచ్చిపోతూ ఉంటే తీగయే అనుకోవచ్చును. అప్పుడు దుకాణానికి తీసుకువెళ్లి, ఏమేమి చూశారో వరుసగా చెప్పండి. ఆ వరుస విన్నవాడు లేని రోగం అంటగట్టడానికి వెనుకాడతాడు.

తీగ మార్పించే ఖర్చు ఎక్కువని తోస్తే, యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టుకునే విడి కెమెరా ఒకటి కొనుక్కోవచ్చును. లోపలి కెమెరాకూ దీనికీ కంప్యూటర్ దృష్టిలో భేదం లేదు, ఎందుకంటే లోపలిది కూడా మామూలుగా ఆ మార్గం మీదనే కలిసి ఉంటుంది. అయితే జూమ్‌లోనో, వాట్సాప్‌లోనో వీడియో సెట్టింగ్‌లో కొత్త కెమెరా పేరును ఎంచుకోవడం మరువకూడదు. లేకపోతే అది పాతదానికోసమే చూస్తూ మరల నల్లతెర చూపుతుంది. కొనే స్తోమత లేనివారు ఆ కాల్ వరకు స్మార్ట్ ఫోనుతో గడుపుకోవచ్చు. విండోస్ 11 ఉన్న కంప్యూటర్లకు ఆండ్రాయిడ్ ఫోను కెమెరానే కంప్యూటర్ కెమెరాగా వాడుకునే వీలు 2024 నుండి వచ్చింది.

విడి కెమెరా అయినా, లోపలిదైనా, వాకిలికి వీపు పెట్టి కూర్చోకండి. వెనుక నుండి ఎండ పడితే ముఖం నల్లని నీడగానే పోతుంది, అవతలి బిడ్డ కెమెరా చెడిందనే అనుకుంటుంది. వెలుగు ముఖం మీద పడేటట్టు కిటికీకి ఎదురుగా కూర్చోండి. లాప్‌టాప్ కింద రెండు ఇటుకలో, చిన్న పీటో పెడితే కన్ను మన కళ్ల ఎత్తుకు వస్తుంది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడి కూతురు సాయంకాలం ఆరు గంటలకు అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర, అప్పటికి కిటికీ వెలుగు ఉండదు. గదిలోని దీపాన్ని లాప్‌టాప్ వెనుక వైపుకు మార్చుకొని, ఏడున్నరకే ఒకసారి కెమెరా తెరిచి చూసుకోండి.